నన్ను ఎత్తకండి, దారి ఇవ్వండి



పోయిన సెలవుల్లో మా ఖాందాన్ అంతా కలిసి ఒక పాత మహల్ చూడటానికి వెళ్లాం. ఖాందాన్ అంటే నేను, మావారు, మా చెల్లెలు, చెల్లెలి భర్త, వాళ్ల పిల్లలిద్దరు, డెబ్బై ఆరేళ్ల మా అమ్మీ. ఆ మహల్ పేరు రాయను. రాస్తే ఆ ఒక్క చోటే ఖరాబీ ఉందనీ, మిగతావన్నీ బాగున్నాయనీ మీరు అనుకుంటారు. నేను ఇప్పటిదాకా వెళ్లిన మహల్‌లు, కోటలు, హవేలీల్లో ఎక్కువ చోట్ల కథ ఇదే.

నన్ను కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. నాకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. నలభై దాటేదాకా కాలిపర్ వేసుకుని, ఊతకర్రలతో నడిచాను. ఆ తర్వాత భుజాలు అరిగిపోయి వీల్‌చెయిర్‌లోకి మారాను. మొదటి రెండు నెలలు ఏడ్చాను. ఇప్పుడు, అల్హందులిల్లాహ్, ఆ కుర్చీయే నా కాళ్లు. బజారుకు పోతాను, బ్యాంకుకు పోతాను, పెళ్లిళ్లకు పోతాను. నాకు నా శరీరంతో పెద్ద షికాయత్ లేదు. షికాయత్ అంతా మెట్లతోనే.

టికెట్ కిటికీ దగ్గర మావారు అడిగారు, "లోపలికి వీల్‌చెయిర్ పోతుందా బాబూ?" అని. "పోతుంది సార్, ఏం ప్రాబ్లమ్ లేదు" అన్నాడు. టికెట్లు తీసుకున్నాం. గేటు దాటాం. చౌక్‌లో సన్న కంకర పరిచి ఉంది. వీల్‌చెయిర్ ముందు చక్రాలు చిన్నవి కదా, కంకరలో కూరుకుపోతాయి. కుర్చీని వెనక్కి తిప్పి, వెనక్కే లాక్కుంటూ మావారు నన్ను దర్బార్ హాలు ముందుకు తెచ్చారు. అక్కడ చూస్తే పదకొండు మెట్లు. తెల్లటి పాలరాయి, మధ్యలో పాదాలు పడీ పడీ గుంతలు పడ్డాయి. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

గార్డు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచివాడే. ముఖంలో రహమ్ ఉంది. "ఫికర్ చేయకండి మేడమ్, నలుగురం కలిసి కుర్చీతో సహా ఎత్తేస్తాం" అన్నాడు. అప్పటికే చేయి ఊపి తోటమాలిని, ఇద్దరు స్వీపర్లను పిలిచాడు.

నేను వద్దన్నాను.

అందరూ నా వైపు చూశారు. మా చెల్లెలు మెల్లగా, "ఆపా, ఇంత దూరం వచ్చాం కదా" అంది. అమ్మీ, "పోనీలే బేటీ, పిల్లల్లాంటివాళ్లు, ఏమవుతుంది?" అంది. గార్డు మొహం చిన్నబోయింది. సాయం చేస్తానంటే కాదన్న మగ్రూర్ ఆడదాన్ని అనుకున్నాడేమో. ఆ రోజు అందరి ముందు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మొదటిది, భయం. ఆరేళ్ల కిందట ఇంకో చోట ఇలాగే ఎత్తారు. ఒకతను కుర్చీ చేతిని పట్టుకున్నాడు. ఆ చేయి ఊడదీసుకునేది, దాన్ని పట్టి ఎత్తకూడదని అతనికి తెలీదు. నాలుగో మెట్టు మీద అది ఊడి వచ్చింది. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. అల్లాహ్ దయ, మావారు ఒడిసి పట్టారు. నాకు దెబ్బ తగల్లేదు. కానీ ఎవరైనా కుర్చీని గాల్లోకి లేపితే ఈ రోజుకీ కడుపులో ఏదో జారుతుంది. నేను, కుర్చీ కలిపి దగ్గర దగ్గర ఎనభై కిలోలు. ఎత్తేవాళ్ల నడుముల గురించి కూడా ఎవరూ ఆలోచించరు.

రెండోది, ఇజ్జత్. నలుగురు పరాయి మగాళ్లు నా చుట్టూ వంగి, నా మోకాళ్ల దగ్గర చేతులు పెట్టి, "పట్టు, లేపు, అటు, ఇటు" అని అరుచుకుంటూ నన్ను మోస్తుంటే, చుట్టూ జనం ఆగి ఫోన్లు తీస్తారు. దుపట్టా ఎక్కడ జారిందో చూసుకోవడానికి నా చేతులు ఖాళీగా ఉండవు. కుర్చీని గట్టిగా పట్టుకుని ఉంటాయి. మన ఇళ్లలో ఆడపిల్లలకు పర్దా, హయా అని చిన్నప్పటి నుంచి నేర్పిస్తాం. మాజూర్ ఆడది అయ్యేసరికి ఆ పాఠం ఎందుకు మర్చిపోతాం? "నీకు ఇవన్నీ చెల్లవులే" అన్నట్టు ఎందుకు చూస్తాం? మగవాళ్లకు మాత్రం ఇజ్జత్ ఉండదా? తన కొడుకు వయసు కుర్రాళ్లు మూటలా ఎత్తుతుంటే నవ్వుతూ కళ్లు దించుకునే పెద్దవాళ్లను నేను చూశాను.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఎత్తి తీసుకెళితే, దించడానికి మళ్లీ వాళ్లే కావాలి. లోపల నాకు ఒక తస్వీర్ ముందు పావుగంట ఆగాలనిపిస్తే? ఊపిరాడక త్వరగా బయటికి రావాలనిపిస్తే? ఆ నలుగురూ దొరికేదాకా కూర్చోవాలి. వెళ్లడం, ఆగడం, తిరిగి రావడం నా మర్జీ మీద జరిగితేనే నేను మహల్ చూసినట్టు. లేకపోతే నన్ను మహల్‌లో ఉంచి తెచ్చినట్టు.

అందరినీ లోపలికి పంపించాను. నా వల్ల పిల్లల సెలవు పాడవకూడదు. మావారు నాతో ఉంటానన్నారు, బలవంతంగా పంపాను. చౌక్‌లో ఒక వేపచెట్టు కింద గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నరలో నేను చూసిన మహల్ మీకు చెబుతాను.

ఒక కుర్ర తల్లి నిద్రపోతున్న బిడ్డను ట్రాలీలో తోసుకుంటూ వచ్చి, మెట్ల ముందు ఆగి, బిడ్డను భుజాన వేసుకుని, ట్రాలీని గార్డుకు అప్పగించింది. బిడ్డ లేచి ఏడుపు. కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన రెండు మెట్లు ఎక్కి, తల పైకెత్తి చూసి, దిగిపోయి నా పక్క బెంచీ మీద కూర్చున్నాడు. నిండు గర్భిణి ఒకామె కూడా అంతే. ఇరవై నిమిషాలకు మా అమ్మీ మోకాళ్లు పట్టుకుని దిగి వచ్చింది. "ఒక్క హాలు చూశాను బేటీ, పైన ఇంకా ఉందట, చాలు" అంది. నాతో కలిపి ఐదుగురం. మాలో వీల్‌చెయిర్ ఒక్కటే. అయినా "మీలాంటివాళ్లు ఎక్కువ రారు మేడమ్" అని గార్డు అన్నాడు. దారి లేని చోటికి ఎవరు వస్తారు తమ్ముడూ? వచ్చినవాళ్లు ఇదిగో, బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్లను నువ్వు లెక్క పెట్టలేదు.

తర్వాత చూసింది ఇంకా విచిత్రం. ఆ సాయంత్రం మహల్‌లో ఎవరిదో ఫంక్షన్ ఉందట. పక్క దర్వాజా దగ్గరికి ఒక వ్యాను వచ్చింది. అక్కడ మూడే మెట్లు. పనివాళ్లు ఆ మెట్ల మీద రెండు మందపాటి చెక్కలు వేశారు. వాటి మీదుగా కుర్చీల ట్రాలీలు, సౌండు బాక్సులు, ఆఖర్న చక్రాల బండి మీద రెండు పెద్ద డేగ్‌లు ఒక్కొక్కటే లోపలికి దొర్లుకుంటూ పోయాయి. నేను కుర్చీ తోసుకుంటూ అక్కడికి పోయి అడిగాను, "నేను కూడా ఇటు నుంచి పోవచ్చా?" అని. గార్డు నిజంగా తికమకపడ్డాడు. "అది సామాన్ల కోసం మేడమ్" అన్నాడు. "సార్ పర్మిషన్ కావాలి. సార్ లేరు."

ఆ చెక్కలు నాకు పనికి రావు, అది నిజమే. చాలా నిటారుగా ఉన్నాయి. కానీ డేగ్ లోపలికి పోవాలని ఎవరో ఆలోచించారు, మనిషి పోవాలని ఆలోచించలేదు. నన్ను ఆ రోజు బాధపెట్టింది మెట్లు కాదు, ఈ మాట.

చెల్లెలి కూతురు ఫోన్‌లో వీడియో తీసుకుని వచ్చింది, నాకు చూపించడానికి. ఝూమర్లు, నగిషీ చెక్కిన తఖ్త్, వెండి పాన్‌దాన్, మేడ మీద జనానా జాలీలు. చూపిస్తూ చూపిస్తూ అడిగింది, "ఖాలా, ఇక్కడి రాజుకి కాలు నొప్పొస్తే ఏం చేసేవాడు?"

పిల్లల సవాల్‌లో ఒక్కోసారి పెద్ద తారీఖ్ ఉంటుంది. రాజుకు కాలు నొప్పి రానవసరం లేదు బేటా, ఆయన అసలు నడిచేవాడే కాదు. బోయీలు పల్లకీ మోసేవాళ్లు. బేగమ్‌లు పర్దా కట్టిన డోలీల్లో కదిలేవాళ్లు. గోల్కొండలో బాలా హిసార్‌కు ఎక్కే మెట్లు దాదాపు 360 అంటారు. సుల్తాన్ పల్లకీలో పోయేవాడని గైడ్‌లు ఇప్పటికీ చెబుతారు. హైదరాబాద్ గద్దె మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను 1869లో కూర్చోబెట్టినప్పుడు ఆయన వయసు రెండున్నరేళ్లు. ఆ పసివాడు దర్బార్ మెట్లు తనంతట తానే ఎక్కి ఉంటాడని ఎవరైనా అనుకుంటారా? మొఘల్ బాద్‌షాలు గర్వంగా తమ మూలపురుషుడని చెప్పుకున్న తైమూర్ కుంటివాడు. లంగ్ అంటేనే ఫార్సీలో కుంటి అని అర్థం. 1941లో సమర్‌ఖండ్‌లో ఆయన మఖ్బరా తెరిచి ఎముకలు చూసినప్పుడు కుడి కాలు దెబ్బతిన్న మాట నిజమేనని తేలింది.

అంటే మహల్‌లు నడవలేనివాళ్లను ఎరగనివేం కావు. నడవకుండా బతికినవాళ్ల కోసమే కట్టినవి. అప్పుడు మెట్లు అడ్డం కాలేదు, ఎందుకంటే మోసే భుజాలు హుకుం కింద ఉండేవి. పల్లకీ ఎక్కినవాడు "పద" అంటే కదలాలి, "ఆగు" అంటే ఆగాలి. అందుకే మోయించుకోవడం ఆయనకు షాన్. నా విషయంలో హుకుం లేదు, దర్ఖాస్తు ఉంది. నన్ను మోసేవాళ్లు నా మీద ఎహసాన్ చేస్తున్నారు. ఎహసాన్ కింద ఉన్న మనిషి "ఇక్కడ కాస్త ఆపండి" అని చెప్పలేడు. నాకు బోయీలు వద్దు. బోయీల కాలం పోయినందుకు అల్లాహ్‌కు షుకర్. ఆ భుజాల స్థానంలో ఒక వాలు దారి కావాలి.

వాలు దారి అంటే ఏదో విదేశీ ఫ్యాషన్ అనుకునేవాళ్లు ఆగ్రా కోటకు వెళ్లి చూడండి. అమర్‌సింగ్ దర్వాజా నుంచి లోపలికి పోయే దారి రాళ్లు పరిచిన పొడవాటి ఎత్తు వాలు. జైపూర్ దగ్గర ఆమేర్ కోటకు ఏనుగులు ఎక్కేది అలాంటి దారి మీదే. ఏనుగు సులువుగా ఎక్కాలని దానికి వాలు కట్టారు. తోపు బండి మెట్లు ఎక్కలేదు కాబట్టి దానికీ కట్టారు. ఏనుగుకు దక్కింది, తోపుకు దక్కింది, మొన్న డేగ్‌కు దక్కింది.

ఇప్పుడు మామూలుగా వినిపించే ఎతరాజ్‌లు చూద్దాం.

"పాత కట్టడం కదా, ముట్టుకుంటే పాడవుతుంది." ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆ పాలరాయిని పగలగొట్టి సిమెంటు పోయమని అడిగితే, నా చేతులే నన్ను ఆపాలి. ఆ మహల్ నాకూ అమానత్. కానీ చెక్కతోనో లోహంతోనో చేసి, రాయికి ఒక్క మేకు కొట్టకుండా ఆనించి పెట్టే ర్యాంపులు ఉన్నాయి. రేపు తీసేస్తే కింద రాయి నిన్నటిలాగే ఉంటుంది. ఆ మహల్ గోడల్లో కరెంటు తీగలు దూరాయి, కెమెరాలు బిగించారు, ఏసీలు పెట్టారు, బాత్రూమ్ పైపులు వేశారు. వాటిలో ఏదీ నవాబుల కాలంలో లేదు. వాటికి దొరికిన ఇజాజత్ ర్యాంపుకు ఎందుకు దొరకదు?

"జాగా ఎక్కడుంది?" దీనికి లెక్క ఉంది. ర్యాంపు కొలత ఒకటికి పన్నెండు. అంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ ఎక్కించడం కష్టం, ప్రమాదం కూడా. ఆరంగుళాల మెట్టు ఒక్కటైతే ఆరడుగుల ర్యాంపు చాలు. పదకొండు మెట్లంటే అరవై ఆరు అడుగులు, మధ్యలో ఆగడానికి చదును చోటు వేరే. నిజమే, దర్బార్ ముందు అంత పొడవు పెడితే బాగోదు. కానీ సామాన్లు పోయిన పక్క దర్వాజాకు మూడే మెట్లు. పద్దెనిమిది అడుగుల ర్యాంపు. అక్కడ అంతకు రెండింతల జాగా ఖాళీగా ఉంది, వ్యాను నిలిచేంత. నేను పెద్ద దర్వాజా నుంచే పోతానని జిద్ చేయను. పక్క దర్వాజా అయినా తాళం లేకుండా, అడుక్కోకుండా తెరిచి ఉంటే చాలు.

"అన్నీ అందరూ చూడాలంటే కుదురుతుందా?" కుదరదు. చార్మినార్ పైకి 149 మెట్లు, ఇరుకు మలుపులు. అక్కడ లిఫ్టు పెట్టమని నేను అడగను. జనానా మేడకు దారి చేయలేరా, సరే. అయితే కింద ఒక గదిలో ఆ మేడ తస్వీర్లు, ఒక మంచి వీడియో, చేత్తో తడిమి చూడగల ఒక నమూనా పెట్టండి. చూపు లేనివాళ్లకు కూడా ఆ నమూనా పనికొస్తుంది. చేయలేనిదాన్ని సాకుగా చూపించి చేయగలిగింది ఆపేయడమే బేఇన్సాఫీ.

"మీరంతా ఎంతమంది?" 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అప్పటి లెక్కలో చేరని జబ్బులు ఇంకా ఉన్నాయి. వాటికి ముసలివాళ్లను, కాలు విరిగి మూడు నెలలు కట్టు వేసుకున్నవాళ్లను, చంటిబిడ్డల తల్లులను కలపండి. ఇది చదువుతున్న మీలో ప్రతి ఒక్కరి ఇంట్లో ఒకరు ఉంటారు. ఇవాళ లేకపోతే, అల్లాహ్ మీకు ఉమర్ ఎక్కువ ఇస్తే, రేపు మీరే ఉంటారు.

ఇక కానూన్ సంగతి. 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసింది. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. సంస్కృతిలో, వినోదంలో మాకూ సమాన హక్ ఉందని అందులో ఉంది. జనం వాడే భవనాలను, సర్కారువైనా ప్రైవేటువైనా, మాకు అందేలా చేయాలని ఉంది. పాత భవనాలకు నియమాలు వచ్చిన రోజు నుంచి ఐదేళ్ల ముహలత్ ఇచ్చారు. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. ఆ గడువు 2022లోనే ముగిసిపోయింది. మహల్ ట్రస్టుదైనా, సర్కారుదైనా, టికెట్ పెట్టి జనాన్ని పిలిచిన తర్వాత మా సవాల్‌కు జవాబ్ చెప్పాల్సిందే.

2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఒక పెద్ద ఫైసలా ఇచ్చింది. చూపు లేని ఆ పిటిషనర్ 2005లో వేసిన కేసు అది. ఇన్నాళ్లూ ర్యాంపుల కొలతలు, దర్వాజాల వెడల్పులు సలహాల్లాగా ఉండేవి, ఇష్టమైతే చేయొచ్చు, లేకపోతే మానొచ్చు. అలా కుదరదు, తప్పనిసరి నియమాలు చేయండని కోర్టు కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన రిపోర్టును తయారు చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వికలాంగుల అధ్యయన కేంద్రం. అంటే ఈ ఇల్మ్ మన గడ్డ మీదే ఉంది. మన మహల్‌ల మెట్ల దాకా రావడమే మిగిలింది.

ఒక వాకియా చెబుతాను. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. అంత పెద్ద శాస్త్రవేత్త, వీల్‌చెయిర్‌లో. ఖుతుబ్ మినార్, జంతర్ మంతర్ లాంటివి చూడాలనుకున్నారు. ఏళ్ల తరబడి "కుదరదు" అన్న చోట్ల ఆయన కోసం చెక్క ర్యాంపులు లేచాయి. వారసత్వం ఏమీ కూలిపోలేదు. అప్పుడు ఇక్కడి వికలాంగుల తరఫున గొంతెత్తినవాళ్లలో ముందున్నది జావేద్ ఆబిదీ. మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? అలీగఢ్‌లో పుట్టిన మనిషి, పుట్టుకతోనే వెన్నుపాము జబ్బు, వీల్‌చెయిర్ మీదే జిందగీ. 1995లో వికలాంగుల మొదటి చట్టం కోసం రోడ్డెక్కాడు. విమానాల్లోకి ఎత్తి మోయించుకోవాల్సిన అవస్థ మీద సుప్రీంకోర్టుకు వెళ్లి 1998లో ఫైసలా తెచ్చాడు. పోలింగ్ బూతుల్లో ర్యాంపుల కోసం కొట్లాడాడు. 2018 మార్చిలో వెళ్లిపోయాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ఈ రోజు నేను ఓటు వేయడానికి బడిలోకి నా కుర్చీ మీదే పోతున్నానంటే ఆ మనిషి జిద్ కూడా ఒక కారణం.

హాకింగ్ కోసం ర్యాంపు వేయడం మెహ్మాన్ నవాజీ. మంచిదే. కానీ హాకింగ్ రాని రోజున కర్నూలు నుంచి వచ్చిన నాలాంటి సాదాసీదా టీచరమ్మకు కూడా ఆ ర్యాంపు ఉంటే, అప్పుడు దాన్ని హక్ అంటాం.

ఇంత రాసి మన ఇంటి గడపల గురించి రాయకపోతే నాకే సిగ్గు. చట్టంలో చెప్పిన జనం వాడే భవనాల్లో ఇబాదత్ జాగాలు, వేడుకల హాళ్లు కూడా ఉన్నాయి. మన షాదీఖానాల్లో ఎన్నిటికి ర్యాంపు ఉంది? ఆడవాళ్ల దస్తర్‌ఖాన్ దాదాపు ఎప్పుడూ మేడ మీదే. పెళ్లికి పోయి, కింద మగవాళ్ల పక్కన ఒక మూల కుర్చీలో ఒంటరిగా ప్లేటు పట్టుకుని తిన్న రోజులు నాకు లెక్కలేదు. మస్జిద్‌లో వుజూ చేసే చోటు తడి గచ్చు మీద జారిపడి తుంటి విరిగిన ముసలాయన మా మొహల్లాలోనే ఉన్నారు. చందా వేసి మినార్‌కు రంగు వేయిస్తాం, మంచిదే. ఒక ర్యాంపు, ఒక కమ్మీ ఆ ఖర్చులో ఎంత?

ఖాందాన్‌లు కూడా ఒకటి ఆలోచించాలి. "నీకు తకలీఫ్, ఇంట్లో ఉండు, మేం ఫోటోలు తెస్తాం" అనే మాట ముహబ్బత్‌తోనే అంటారు, నాకు తెలుసు. మా అబ్బా కూడా అదే అనేవారు. కానీ ఆ మాట వినీ వినీ ఒక మనిషి అడగడం మానేస్తుంది. ఏ మహల్‌లో మెట్లెక్కువ అన్న లెక్క కంటే ముందే ఇంట్లో ఒక లెక్క తేలిపోతుంది. తకలీఫ్ ఉందో లేదో మమ్మల్ని తేల్చుకోనివ్వండి. మీరు దారి కనుక్కోండి, అంతే.

ఆ రోజు వెళ్లే ముందు మహల్ ఆఫీసులో ఒక దర్ఖాస్తు రాసిచ్చాను. నాలుగే మాటలు. పక్క దర్వాజాకు పద్దెనిమిది అడుగుల ర్యాంపు. కంకర మీద మూడడుగుల వెడల్పు చదును దారి. చీపుర్లు, బకెట్లు పెట్టుకున్న ఆ వికలాంగుల బాత్రూమ్‌ను ఖాళీ చేయడం. టికెట్ కిటికీ దగ్గర నిజం చెప్పే ఒక బోర్డు, ఏ హాలుకు ఎన్ని మెట్లో. క్లర్కు చదివి, ముద్ర వేసి, కాపీ ఇచ్చాడు. గార్డు గేటు దాకా వచ్చాడు. "మేడమ్, నేను తప్పుగా ఏమైనా అన్నానా?" అని అడిగాడు. లేదు తమ్ముడూ, నీ నియ్యత్ మంచిది అన్నాను. "ఈసారి మాలాంటివాళ్లు వస్తే, ఎత్తుతాననే ముందు ఎలా సాయం చేయమంటారని ఒక్క మాట అడుగు" అన్నాను. సరేనన్నాడు.

దర్ఖాస్తుకు ఇంకా జవాబ్ రాలేదు. నెలకోసారి ఫోన్ చేస్తున్నాను. మీరు కూడా ఒక పని చేయండి. ఈ సెలవుల్లో ఏ మహల్‌కో కోటకో వెళ్లాలనుకుంటే, మీతో వీల్‌చెయిర్ ఉన్నా లేకపోయినా, ముందు ఫోన్ చేసి ఒక్క సవాల్ అడగండి: "మీ దగ్గర మెట్లు ఎన్ని? ర్యాంపు ఉందా?" రోజుకు పదిమంది అడిగితే ఆ "సార్" ఎప్పుడో ఒకప్పుడు సీట్లో దొరుకుతారు. వచ్చే ఏడాది, ఇన్షా అల్లాహ్, ఆ పక్క దర్వాజా నుంచి నేను కూడా లోపలికి పోయి, ఆ ఝూమర్ కింద నాకు తోచినంత సేపు కూర్చోవాలి. దువాల్లో గుర్తుంచుకోండి.